సందేహాలు – సమాధానాలు: టీకయా, టిప్పణియా?

సందేహం: మా పితామహులు మా ఊరి దేవుడి మీద చెప్పిన శతకాన్ని ఇన్నాళ్లకు అచ్చు వేయిస్తున్నాము. ప్రతి పుటకు అడుగున కఠిన పదాలకు అర్థాలు, అక్కడక్కడ పురాణ కథలు క్లుప్తంగా నేనే చేర్చాను. ముఖపత్రం మీద ‘వ్యాఖ్యాన సహితం’ అని వేయించమని ఒకరు, ‘టీకా సహితం’ అని మరొకరు చెబుతున్నారు. టీకా అంటే సూదిమందు అనుకుంటారని మా అబ్బాయి నవ్వుతున్నాడు. ఏది సాధువు?
(అమలాపురం సమీపం నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: ముందు మీ అబ్బాయి సంగతి చూద్దాము. సూదిమందు టీకా హిందీ నుంచి వచ్చినది. ఆ భాషలో దానికి నుదుటి బొట్టు అని కూడా అర్థం. గ్రంథానికి చేసే టీక సంస్కృతం నుంచి వచ్చినది. ‘టీకృ’ ధాతువుకు గమనం అర్థం. గత్యర్థక ధాతువులకు జ్ఞానార్థం కూడా ఉంటుంది గనుక, దేని వలన గ్రంథార్థం తెలియవస్తుందో అది టీక అని పెద్దలు వ్యుత్పత్తి చెప్పారు. మాలా శబ్దం తెలుగులో మాల అయినట్లే టీకా శబ్దం టీక అవుతుంది, బహువచనంలో టీకలు అవుతుంది. సూదిమందుకు మాత్రం దీర్ఘం పోక టీకాలు అనే నిలిచింది. ‘టీకాతాత్పర్యం’ వంటి సమాసంలో దీర్ఘం ఉండటం వేరు సంగతి. ఈ మాత్రం భేదాన్ని పత్రికలవారు కూడా పాటిస్తే బాగుండును.

అసలు చిక్కు మరొకటి ఉన్నది. ‘టీకా నిరంతరవ్యాఖ్యా పంజికా పదభంజికా’ అని 12వ శతాబ్దివాడైన హేమచంద్రుడు తన నిఘంటువులో చెప్పాడు. ఎడతెగకుండా మూలం వెంట నడిచే వ్యాఖ్య టీక, పదాలను విడగొట్టి చూపేది పంజిక అని దాని భావం. తెలుగువారి చేతిలో పంజిక మరుగున పడి, దాని పని టీక నెత్తిన పడింది. వావిళ్లవారి ప్రతులు చదివి పెరిగిన వారికి టీక అనగానే పదము, దాని పక్కన సమాన చిహ్నం, ఆ పక్కన అర్థము, కింద విడిగా తాత్పర్యము కనిపిస్తాయి. మనకు టీక అంటే ప్రతిపదార్థమే అయిపోయింది. దీన్ని తప్పనడానికి నాకు నోరు రాదు గాని, మాట కుంచించుకుపోయిందని మాత్రం అనక తప్పదు.

టీక అన్న మాటకు నిండు అర్థం తెలియాలంటే సంస్కృత కావ్యాలకు టీకలు వ్రాసిన, మన తెలుగుసీమవాడే అయిన కోలాచల మల్లినాథసూరిని ఆశ్రయించాలి. ఆ కోలాచలం నేటి మెదకు సీమలోని కొల్చారం. కాళిదాస భారతి, అంటే కాళిదాసు వాక్కు, దుర్వ్యాఖ్యలనే విషం తలకెక్కి మూర్ఛిల్లిందనీ, తన సంజీవనీ టీక ఆమెను బ్రతికిస్తుందనీ ఆయన ప్రతిజ్ఞ చేశాడు. అంత మాట అన్నవాడు తనకు తాను వేసుకున్న కట్టుబాటు ఎంత గట్టిదో చూడండి: ‘నామూలం లిఖ్యతే కించిత్ నానపేక్షిత ముచ్యతే’. మూలంలో లేనిది ఒక్కటీ వ్రాయను, అక్కరలేనిది ఒక్కటీ చెప్పను అన్నాడు. భారవి కావ్యమైన కిరాతార్జునీయానికి ఘంటాపథం అనే టీక వ్రాస్తూ, భారవి పలుకు కొబ్బరికాయ వంటిదనీ, దానిని తాను పగులగొట్టి ఇస్తున్నాననీ, లోపలి రసం రసికులు తనివితీరా ఆస్వాదించండనీ అన్నాడు. కోనసీమవారికి ఇంతకంటె వేరే లక్షణం చెప్పాలా? ఒలుపు తెలిసినవాడు పీచు తీసి, చిప్ప పగులగొట్టి ఇచ్చి తప్పుకుంటాడు. కొబ్బరి తానే నమిలి పెట్టడు. మల్లినాథుని కుమారుడు కుమారస్వామి ప్రతాపరుద్రీయమనే అలంకారశాస్త్ర గ్రంథానికి రత్నాపణం అనే వ్యాఖ్య వ్రాశాడు. చాలా కాలానికి వేదము వేంకటరాయశాస్త్రిగారు శృంగారనైషధ వ్యాఖ్యకు సర్వంకష అనీ, ఆముక్తమాల్యద వ్యాఖ్యకు సంజీవని అనీ పేర్లు పెట్టారంటే, ఆ రెండూ మల్లినాథుని టీకల పేర్లే అన్న సంగతి మరచిపోరాదు.

దుర్వ్యాఖ్యలు అప్పుడే కాదు, ఇప్పుడూ ఉన్నవి. భోజరాజు పతంజలి యోగసూత్రాలకు వృత్తి అనే వివరణ వ్రాస్తూ టీకాకారుల మీద విసుక్కున్నాడు: మిక్కిలి కఠినమైన చోటును ‘ఇది స్పష్టమే’ అని దాటవేస్తారట, స్పష్టంగా ఉన్నచోట సమాసాలూ అవీ విప్పుతూ ఊరక విస్తరిస్తారట. నేటి పరీక్షా మార్గదర్శినులను చూసినవాడెవడూ ఆ విసుగును కాదనలేడు. ‘కమలము = తామర’ అని అచ్చు వేసి, పద్యంలో అన్వయం కుదరని పాదాన్ని పలకరించకుండా పోయే టీకను టీక అనడం ఆ మాటకు అపచారం.

తక్కిన మాటలు క్లుప్తంగా చెబుతాను. సూత్రార్థాన్ని వివరిస్తూ తన మాటలను కూడా తానే వివరించుకొనేది భాష్యం. చెప్పినదాన్ని, చెప్పనిదాన్ని, పొరపాటుగా చెప్పినదాన్ని విచారించేది వార్తికం. పదచ్ఛేదం, పదార్థం, విగ్రహం (సమాసాన్ని విప్పి చెప్పడం), వాక్యయోజన (అన్వయం), ఆక్షేపానికి సమాధానం అనే అయిదు లక్షణాలు కలది వ్యాఖ్యానం. ఈ అయిదింటిలో ఒక్కటీ లేకుండా సభలో నోరు జారిన ప్రతి మాటా ‘వివాదాస్పద వ్యాఖ్య’ అయిపోవడం, మాట మెలిపెట్టిన ప్రతివాడూ ‘కొత్త భాష్యం’ చెప్పినవాడు కావడం నేటి విలేఖరుల చలవ.

ఇక మీ పుస్తకం. అన్ని పద్యాలకూ అన్వయం చూపలేదు, ఆక్షేపాలకు సమాధానమూ చెప్పలేదు గనుక వ్యాఖ్యానం అనవద్దు. కఠిన పదాల దగ్గర మాత్రమే ఆగి నాలుగు మాటలు చెప్పేదానికి టిప్పణి అని పేరు. మీరు చేసినది అదే. అయితే మన ప్రాంతంలో అంత పనికి ‘లఘుటీక’ అనే వాడుక చాలాకాలంగా ఉన్నది గనుక, మీ పెద్దలు దాన్నే కోరుకుంటే నేను అడ్డు చెప్పను. టిప్పణి అనే నిశ్చయించుకుంటే ముఖపత్రం మీద ‘సటిప్పణి’ అని మాత్రం వేయించకండి. ఈకారాంత స్త్రీలింగం మీద, ‘అది కలది’ అనే అర్థమిచ్చే బహువ్రీహి సమాసంలో కకారం వచ్చి ‘సటిప్పణీకం’ కావాలి. ‘టిప్పణం’ అనే నపుంసక రూపం కూడా ఉన్నది గనుక ‘సటిప్పణం’ అన్నా చెల్లుతుంది. అచ్చు కూర్చేవారు ఈ రెండింటిలో దేన్ని చూసినా తికమకపడతారని తోస్తే ‘టిప్పణీ సహితం’ అనండి.