లినక్స్‌లో బ్లాక్‌లిస్ట్ చేసిన డ్రైవర్ మళ్లీ ఎందుకు లోడవుతుంది?

డ్రైవర్లు ఎలా లోడవాలో చెప్పే మోడ్‌ప్రోబ్.డి ఫోల్డర్‌లో రాసే బ్లాక్‌లిస్ట్, డ్రైవర్ తనంతట తాను లోడవడాన్నే ఆపుతుంది; డ్రైవర్‌ను నిషేధించదు. పరికరం కనబడగానే లినక్స్ మూలభాగమైన కెర్నెల్ దాని గుర్తింపును బయటపెడుతుంది, పరికరాలను చూసుకునే యూడెవ్ అనే ప్రోగ్రాం దానికి సరిపడే మాడ్యూల్‌ను, అంటే విడిగా లోడయ్యే డ్రైవర్‌ను, తెప్పిస్తుంది. బ్లాక్‌లిస్ట్ తెంపేది ఈ లంకెనే. ఇంకో మాడ్యూల్‌కు అవసరమైనా, ఎవరైనా పేరు పెట్టి పిలిచినా ఆ డ్రైవర్ నిక్షేపంగా వస్తుంది.

రాయగడలో ఓ జిరాక్స్ షాపు పాత కంప్యూటర్ ఊరికే బీప్ మంటోందనుకోండి. బీప్ స్పీకర్ డ్రైవరైన 'పీసీఎస్‌పీకేఆర్'ను బ్లాక్‌లిస్ట్ చేస్తే సాధారణంగా చాలు, దాని మీద ఆధారపడే మాడ్యూళ్లు లేవు కాబట్టి. నూవో లాంటి గ్రాఫిక్స్ డ్రైవరైతే, బూట్ మొదట్లోనే కావలసిన డ్రైవర్లుండే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైలునూ మళ్లీ తయారుచేయాలి. చాలామంది మరిచేది ఇదే.

అన్ని డ్రైవర్లకూ ఈ బ్లాక్‌లిస్ట్ పనిచేస్తుందనుకోవడం పొరపాటు. కెర్నెల్‌లోనే కలిపేసిన వాటికి ఇది పట్టదు. వాటికైతే బూట్ లైనులో, అంటే బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్‌కు అందించే సూచనల వరుసలో, 'ఇనిట్‌కాల్_బ్లాక్‌లిస్ట్' ఇవ్వాలి. అక్కడ రాయాల్సింది డ్రైవర్ పేరు కాదు, దాన్ని మొదలుపెట్టే ఫంక్షన్ పేరు.