వేడెక్కగానే ఆగిపోయే స్కూటర్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నాది 2016లో కొన్న 110 సి.సి. గేర్లు లేని స్కూటర్. పొద్దున సెల్ఫ్ నొక్కగానే స్టార్టవుతుంది, నాలుగైదు కిలోమీటర్ల వరకూ ఏ ఇబ్బందీ ఉండదు. ఆ తరువాత సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ వదిలితే చాలు, ఇంజిన్ ఆగిపోతుంది. వెంటనే ఎంత కిక్ కొట్టినా అందుకోదు. పావుగంట నీడలో ఉంచితే మళ్లీ మామూలుగా స్టార్టవుతుంది. స్పార్క్ ప్లగ్ మార్పించాను, పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్‌ను రెండుసార్లు కడిగించాను. స్లో స్పీడ్ (యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) పెంచితే ఆగడం కొంత తగ్గింది కాని, బ్రేకు వదలగానే బండి తనంతట తానే ముందుకు కదులుతోంది. కొన్ని నెలల క్రితం చప్పుడు వస్తోందని ట్యాపెట్లు బిగించడం తప్ప ఇంజిన్‌ను ఎవరూ ముట్టుకోలేదు. లోపం ఎక్కడుందంటారు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు ఉత్తరం చివర లెక్కలోకి తీసుకోకుండా రాసిన ట్యాపెట్ల సంగతే మా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. కార్బొరేటర్‌లో పైలట్ జెట్ (స్లో స్పీడ్‌కు పెట్రోలు అందించే సన్నని రంధ్రం) మూసుకుపోయినా, పెట్రోలులో నీరు చేరినా, ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో నిండినా బండి చల్లగా ఉన్నప్పుడు కూడా ఏదో ఒక విధంగా సతాయిస్తుంది. మీ స్కూటర్ అలా కాక, వేడెక్కిన తరువాతే, అదీ యాక్సిలరేటర్ వదిలినప్పుడే ఆగుతోంది, చల్లబడితే కోలుకుంటోంది. కాబట్టి మూడోసారి కార్బొరేటర్ విప్పించడానికి ముందు వాల్వుల (మిశ్రమాన్ని ఇంజిన్‌లోకి రానిచ్చి, పొగను బయటకు పంపే మూతల) సంగతి చూడాలి.

వాల్వు కాడకూ, దాన్ని నొక్కే రాకర్ ఆర్మ్‌కూ మధ్య మిల్లీమీటరులో దాదాపు పదో వంతు సందు ఉండాలి. ట్యాపెట్లు బిగించడమంటే ఈ సందును తగ్గించడమే. ఇంజిన్ వేడెక్కినప్పుడు, ముఖ్యంగా పొగ బయటకు పోయే వైపు వాల్వు కాడ పొడవు సాగుతుంది కనుక, ఆ సాగుదలకు చోటుగా ఈ సందును వదులుతారు. చప్పుడు పూర్తిగా పోవాలని సందును బాగా తగ్గించి బిగిస్తే, వేడి మీద వాల్వు తన పీట మీద పూర్తిగా కూర్చోదు, పిస్టన్ నొక్కిన మిశ్రమం ఆ కాస్త ఖాళీలోంచి జారిపోతుంది. వేగంగా నడుస్తున్నప్పుడు అలా జారిపోవడానికి వ్యవధి చాలదు, అందుకే రోడ్డు మీద తేడా తెలియదు; స్లో స్పీడ్‌లో వ్యవధి దొరుకుతుంది, ఇంజిన్ ఆగిపోతుంది. ట్యాపెట్ల నుంచి సన్నని టిక్ టిక్ రావడం లోపం కాదు. ఏ చప్పుడూ లేదని సంబరపడే యజమానులు, వారిని సంతోషపెట్టడానికి ఇంకో పావు చుట్టు బిగించే మెకానిక్కులు ఈ చిక్కును తరచుగా కొనితెచ్చుకుంటారు.

ఈసారి బండి ఆగినప్పుడు, అది చల్లబడకముందే, ఇగ్నిషన్ ఆపి కిక్ లివర్‌ను చేత్తో మెల్లగా నొక్కి చూడండి. పొద్దున తగిలే బిగువు లేకుండా లివర్ తేలిగ్గా దిగిపోతే పైన చెప్పినదే కారణమని దాదాపుగా నిర్ణయించుకోవచ్చు. బిగువు మామూలుగానే ఉంటే, పెట్రోలు ట్యాంకు మూతను ఒకసారి వదులు చేసి స్టార్ట్ చేయండి. మూతలో గాలి రంధ్రం పూడుకుపోయిన బండి అప్పుడు వెంటనే అందుకుంటుంది. అప్పటికీ అందుకోకపోతే మూత తిరిగి బిగించి, ఇప్పుడు బిగించి ఉన్న ప్లగ్‌ను ఇంజిన్‌లోనే ఉంచి, దాని క్యాప్ తీసి, మీ దగ్గరున్న అదనపు ప్లగ్‌కు తగిలించి, ఆ ప్లగ్ లోహపు భాగాన్ని ఇంజిన్‌కు ఆనించి కిక్ కొట్టించండి. నిప్పురవ్వ రాకపోతే ప్లగ్‌కు కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్‌ను అనుమానించాలి, ఎందుకంటే లోపలి తీగచుట్ట పాడైన కాయిల్ కూడా వేడి మీద మొరాయించి, చల్లబడ్డాక పనిచేస్తుంది.

ట్యాపెట్లను రాత్రంతా చల్లబడిన ఇంజిన్ మీదే, పిస్టన్ మిశ్రమాన్ని నొక్కుతూ (కంప్రెషన్‌లో) పైకొసకు చేరి ఉన్నప్పుడు, సన్నని సందులను కొలిచే రేకుల పరికరమైన ఫీలర్ గేజితో సరిచేయాలి. ఖచ్చితమైన కొలత మీ బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, దాన్ని వెంట తీసుకువెళ్లండి. చేతి అంచనా చాలునని చెప్పే చోట ఈ పని చేయించవద్దని మా సలహా. ఆ తరువాతే స్లో స్పీడ్‌ను పాత స్థాయికి దించండి. ప్రస్తుతం క్లచ్ పట్టుకునేంత వేగంలో ఇంజిన్ తిరుగుతున్నందువల్లే బండి ముందుకు పోతోంది. రద్దీలో అది ప్రమాదకరం కనుక ఆలస్యం చేయకండి. సందు సరిచేసినా వేడి మీద కిక్ వదులుగానే ఉంటే వాల్వు, దాని పీట అరిగాయేమో ఇంజిన్ పైభాగమైన హెడ్ విప్పి చూడవలసి ఉంటుంది.

ప్రశ్న: మాది బి.ఎస్.-6 స్కూటర్. అప్పుడప్పుడు ఆగిపోతోంది. స్లో స్పీడ్ స్క్రూ ఎక్కడుందో మెకానిక్‌కు కనిపించలేదు.
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: 2020 ఏప్రిల్ 1న బి.ఎస్.-6 అనే వాహన కాలుష్య నిబంధనలు అమలులోకి వచ్చిన తరువాత మన స్కూటర్లలో కార్బొరేటర్ స్థానంలో, పెట్రోలును కొలిచి చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. దీనిలో స్లో స్పీడ్‌ను సాధారణంగా ఎలక్ట్రానిక్ యూనిట్ చూసుకుంటుంది కాబట్టి ఆ స్క్రూ కోసం వెతకనివ్వకండి. మీటరులో ఇంజిన్ బొమ్మ ఉన్న దీపం బండి నడుస్తుండగా వెలుగుతోందా, బ్యాటరీ టెర్మినళ్లు వదులయ్యాయా, తాళం తిప్పగానే పెట్రోలు పంపు కాసేపు గుంయ్‌మంటోందా అన్నవి మీరే చూసుకోవచ్చు. చాలా మోడళ్లలో సైడ్ స్టాండ్ దించితే ఇంజిన్ ఆగే ఏర్పాటు ఉంది. ఆ స్విచ్చిలో బురద చేరితే స్టాండ్ తీసి ఉన్నా కుదుపులకు ఇంజిన్ ఆగవచ్చు. వర్షాకాలమైతే ముందు అక్కడ శుభ్రం చేయించి చూడండి.