సమాధానం: బయోఫిల్మ్ పరీక్షలో రంగు నిలవడం లేదా?

కండ్లకలక రోగుల నుంచి తీసిన స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ బ్యాక్టీరియా ఐసొలేట్లలో (వేరుచేసి పెంచిన నమూనాల్లో) ఒక్కటీ 96 గుంతల ప్లేటులో బయోఫిల్మ్, అంటే బ్యాక్టీరియా ఉపరితలానికి అంటుకుని కట్టే పొర, చూపలేదని, పాజిటివ్ కంట్రోల్‌గా పెట్టిన, పొర కట్టడం ఖాయమని తెలిసిన ఏటీసీసీ 35984 రకంలో కూడా అది రాలేదని రాశారు. టెన్షన్ పడకండి. కంట్రోలే రాలేదంటే లోపం పద్ధతిలోనే ఉంది.

బ్యాక్టీరియాను పెంచే ద్రవంగా న్యూట్రియెంట్ బ్రాత్ వాడుతున్నారు కదా, ముందు అది మార్చండి. ట్రిప్టిక్ సోయ్ బ్రాత్‌లో 1 శాతం గ్లూకోజ్ కలిపి, 37 డిగ్రీల దగ్గర 24 గంటలు కదపకుండా ఉంచండి.

నాకు అసలు అనుమానం కడగడం మీదే. పైపెట్‌తో పీబీఎస్‌ను (కడగడానికి వాడే ఉప్పు ద్రావణాన్ని) నేరుగా గుంత అడుగుకు కొడితే పొర లేచిపోతుంది. ఒక్కోసారి తెల్లటి పలచని తునక తేలుతూ కంటికే కనిపిస్తుంది. గోడ వెంబడి మెల్లగా వదిలి, ప్లేటు బోర్లించి వంపేయండి. మూడుసార్లు చాలు. 60 డిగ్రీల దగ్గర గంటసేపు ఆరబెట్టాకే పొరకు పట్టే ఊదా రంగు, క్రిస్టల్ వయొలెట్ పోయండి.

ఖాళీ బ్రాత్ గుంతల సగటు ఓడీకి (యంత్రం కొలిచే రంగు గాఢతకు) మూడు స్టాండర్డ్ డీవియేషన్లు కలిపితే కటాఫ్, అంటే బయోఫిల్మ్ ఉందో లేదో తేల్చే హద్దు, వస్తుంది. దానికి నాలుగు రెట్లు దాటినవే బలమైన బయోఫిల్మ్ కట్టేవి.

సూడోమొనాస్ అనే మరో బ్యాక్టీరియా ఐసొలేట్లు కూడా ఉంటే ఒక జాగ్రత్త: అవి ద్రవం పైఅంచు దగ్గర గోడకు వలయంలా పట్టుకుంటాయి. ఆ వలయం కూడా మునిగేలా, కల్చర్ 150 మైక్రోలీటర్లు వేస్తే, రంగును, ఆ తర్వాత దాన్ని కరిగించే ఎసిటిక్ యాసిడ్‌ను 200 మైక్రోలీటర్ల చొప్పున పోయండి.