క్లినిక్ పెడుతున్న మా అమ్మలుకి

అమ్మలూ,

పెద్దాసుపత్రిలో ఉద్యోగం మానేసి సొంతంగా పిల్లల క్లినిక్ పెడుతున్నావని, వారానికో రోజు చుట్టుపక్కల ఊళ్లకీ వెళ్తానంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చెప్తూ ఏడ్చింది. దానికి ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేశాక నాకు పట్టుకుంది టెన్షన్. గర్వం లేదనుకోకు, బోలెడంత ఉంది. మన ఇంట్లో నా తర్వాత పసిపిల్లల వైద్యంలోకి వచ్చింది నువ్వొక్కదానివే. అందుకే రాత్రి నిద్ర మానుకుని ఇది రాస్తున్నాను. తిట్టినట్టుంటే తిట్టాననే అనుకో.

తూకం మిషన్ మంచిది కొను. టీకాల ఫ్రిజ్ టీకాలకే ఉండాలి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య. ఎవరి మంచినీళ్ల సీసా అందులో పెట్టనివ్వకు. కరెంటు పోతే ఆ టీకాలు ఎక్కడికి చేర్చాలో ఇప్పుడే అనుకో. లైసెన్సులు, లెక్కలు నాకంటే నీకే బాగా తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి. నేను కొత్తగా పని నేర్చుకునే రోజుల్లో మా సీనియర్ ఒకాయన ఉండేవారు. పిల్లాణ్ణి చూడగానే సగం జబ్బు చెప్పేసేవారు. ఒకరోజు ఓపీ కిటకిటలాడుతోంది. ఏడాది నిండని పిల్లాడు, విరేచనాలు. ఆయన పరీక్షగా చూసి, ఓఆర్ఎస్ ప్యాకెట్లు చేతిలో పెట్టి, "నీళ్లల్లో కలిపి పట్టమ్మా" అన్నారు. వైద్యం అక్షరాలా సరైనదే.

మర్నాడు ఆ తల్లి పరిగెత్తుకుంటూ వచ్చింది. పిల్లాడు ముట్టుకుంటే గుక్కపెట్టి ఏడుస్తున్నాడు, నీళ్లు చూపిస్తే ఎగబడుతున్నాడు. పొట్ట మీద చర్మం పట్టుకుంటే పిండిముద్దలా ఉంది. కాసేపటికే ఫిట్స్ వచ్చాయి. అందరూ మెదడువాపు అనుకుంటుంటే నర్సమ్మ ఒకావిడ మాత్రం "ఎలా కలిపావు తల్లీ?" అని అడిగింది. ఆ తల్లి సంచిలోంచి స్టీలు గ్లాసు తీసి చూపించింది. "ఇంత పిల్లాడు ఎన్ని తాగుతాడని దీంట్లోనే ప్యాకెట్ అంతా వేశానమ్మా."

లీటరు నీళ్లలో కలపాల్సింది గ్లాసులో వేసింది. ఐదింతల ఉప్పు. అప్పటి ఫార్ములాలో లీటరుకి సోడియం 90 మిల్లీమోల్స్ ఉండేది, 2002లో కదా ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని 75 చేసింది. 90ని ఐదుతో హెచ్చవేసి చూడు, ఆ బిడ్డ ఏం తాగాడో తెలుస్తుంది. పోనీ గబగబా నీళ్లెక్కించి ఒంట్లో ఆ ఉప్పుని తగ్గించేద్దామా అంటే మెదడు వాస్తుంది. రెండు రోజులు మెల్లమెల్లగా దించుతూ కూర్చున్నాం. బతికాడు.

వార్డులో అందరూ ఆ తల్లినే అన్నారు, "ప్యాకెట్ మీద అంత స్పష్టంగా రాసుంటే" అని. రాసే ఉంది. ఆమెకి చదువు రాదు, ఇంట్లో లీటరు కొలతా లేదు. మా సీనియర్ ఆమెని ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఆయన బల్ల మీద లీటరు సీసా ఒకటి వెలిసింది. ఎంత రద్దీ ఉన్నా సరే, తల్లి ఆ సీసాతో నీళ్లు పోసి, తన చేత్తో కలిపి, ఎప్పుడెప్పుడు ఎంత పట్టాలో తిరిగి చెప్పాకే పంపేవారు.

"అర్థమైందా?" అని అడక్కు అమ్మలూ. డాక్టరు ముందు కానట్టు ఎవరూ చెప్పరు. "ఇంటికెళ్లి ఎలా పడతావో చూపించు" అను. జ్వరం మందు కూడా అంతే. డ్రాప్స్‌లో మందు చిక్కగా ఉంటుంది, సిరప్‌లో పలచగా ఉంటుంది. డ్రాప్స్ సీసా తెచ్చుకుని చెంచాతో పోసే అమ్మమ్మలు ఉంటారు. సిరంజి మీద ఎక్కడిదాకా తీయాలో పెన్నుతో గీత గీసివ్వు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు సెలైన్లు చాలక ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టించి, ఇంటివాళ్ల చేతే తాగించారు. అంత పని చేయగల చేతులు వాళ్లవి. కాస్త చూపించాలంతే.

ఊపిరి నిమిషం పాటు లెక్కపెట్టు, చొక్కా పైకెత్తి, బిడ్డ ఏడవనప్పుడు. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40. అంత ఉన్నా, దాటినా వదలకు, డొక్కలెగరేస్తుంటే అసలే వదలకు. నీకివన్నీ కంఠతా వచ్చని తెలుసు. సాయంత్రం ఓపిక అయిపోయాక పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేయబుద్ధేస్తుంది చూడు, అప్పుడు నన్ను తలుచుకో.

ఊళ్ల సంగతి. పది ఊళ్లు పెట్టుకోకు, రెండు చాలు. ప్రతి వారం ఒకటే రోజు, ఒకటే వేళ. వానొచ్చినా వెళ్లాలి. ఒక్కసారి మందులు పంచి ఫొటోలు దిగి మాయమయ్యేవాళ్లని వాళ్లు చాలామందిని చూశారు. జబ్బ కొలిచే టేపు, ఒక నోటుబుక్కు తీసుకెళ్లు. ఆరు నెలలు దాటిన, ఐదేళ్ల లోపు బిడ్డ జబ్బ చుట్టుకొలత 115 మిల్లీమీటర్ల కంటే తక్కువుంటే తిండి బాగా చాలడం లేదన్నమాట, ఆ పేరు కింద గీత గీసుకుని, వచ్చే వారం ఆ ఇంటికే ముందు వెళ్లు.

ఇక నీ ఇల్లు. నా రోజుల్లో రాత్రి ఫోన్లన్నీ మీ పెదనాన్న తీసేవారు. బ్యాంకు లెక్కలు తప్ప ఏమీ తెలియని మనిషి, పోను పోను "పాలు తాగుతున్నాడా? ఉచ్చ పోశాడా? ఎప్పుడు?" అని ఎంత గంభీరంగా అడిగేవారో! కొందరు తల్లులు ఆయన్నే డాక్టరనుకునేవారు. ఆ ఓపిక దొరకడం నా అదృష్టం. మీ ఆయనకీ అది ఉంటుందని నువ్వే అనేసుకోకు, క్లినిక్ తెరవకముందే కూర్చుని మాట్లాడుకోండి. ఫోన్ ఎప్పుడు ఆపేస్తావో, ఆ తర్వాత ఎవరికి చేయాలో బోర్డు మీద రాయించు. రెండు నెలల లోపు బిడ్డకి జ్వరమని ఎవరైనా చేస్తే మాత్రం ఫోన్‌లో మందు చెప్పకు, ఏ వేళైనా వెంటనే ఆసుపత్రికి రమ్మను.

నీ కూతురికి నువ్వు డాక్టరువి కావొద్దు. దాన్ని ఇంకో మంచి డాక్టరుకి చూపించు. దాని జ్వరానికి నువ్వు అమ్మలా కంగారు పడాలి, పడనీ.

భోజనం వేళకి చెయ్యి. మీ అమ్మ పోరు పడలేక చెప్తున్నాను, నిజానికి నా పోరు కూడా. ఆ ఉద్యోగం వదిలేముందు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చేతికి తీసుకో, తర్వాత దానికోసం వాళ్ల చుట్టూ తిరిగే తీరిక నీకుండదు.

పెద్దమ్మ