సెప్టెమ్ అంటే ఏడు కదా, మరి సెప్టెంబర్ తొమ్మిదో నెల ఎందుకైంది?

హనుమకొండలో గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే. లాటిన్‌లో సెప్టెమ్ ఏడు, ఆక్టో ఎనిమిది, నోవెమ్ తొమ్మిది, డెకెమ్ పది. మన సప్త, అష్ట, నవ, దశలకు ఇవి చుట్టాలే, పక్కపక్కన రాసుకుంటే ఇట్టే గుర్తుంటాయి. పాత రోమన్ క్యాలెండర్ మార్చితో మొదలయ్యేది కాబట్టి అప్పట్లో సెప్టెంబర్ నిజంగానే ఏడో నెల, తర్వాత ఏడాదిని జనవరి నుంచి లెక్కపెట్టడం మొదలైనా పేర్లు మాత్రం అలాగే ఉండిపోయాయి. జూలై, ఆగస్టులను మధ్యలో చేర్చడం వల్లే ఇలా అయిందని చాలామంది చెప్తారు. అది తప్పు. అవి ముందునుంచీ ఉన్న నెలలే: ఐదోది క్వింటిలిస్, ఆరోది సెక్స్‌టిలిస్. క్రీ.పూ. 44లో ఒకదానికి జూలియస్ సీజర్ పేరు, క్రీ.పూ. 8లో రెండోదానికి అగస్టస్ పేరు పెట్టారు, అంతే. అన్నట్టు, మన వేయి స్తంభాల గుడిని త్రికూటాలయం అంటాం కదా, ఆ 'త్రి', ట్రయాంగిల్‌లోని 'ట్రై' కూడా ఒకే కుదురువి.