అమెరికా హైస్కూలులో ఆల్జీబ్రా, జామెట్రీ: మామూలు తరగతా, ఆనర్సా?

మన పదో తరగతిలో బీజగణితం, రేఖాగణితం ఒకే ఏడాది పక్కపక్కనే నడుస్తాయి గనుక, అమెరికాలో ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2 అంటూ ఏడాదికొకటి చెప్పడం మన తల్లిదండ్రులకు వింతగా తోస్తుంది. అయితే కాలిఫోర్నియా వంటి చోట్ల కొన్ని పాఠశాలలు వీటిని కలిపి మ్యాథ్ 1, 2, 3గానూ బోధిస్తాయి.

మామూలు తరగతికీ, అదే సబ్జెక్టును పైస్థాయిలో చెప్పే ఆనర్స్‌కూ ముఖ్యాంశాలు చాలావరకు ఒకటే, తేడా లోతులోనూ వేగంలోనూ ఉంటుంది. సమద్విబాహు త్రిభుజంలో భూకోణాలు సమానమని చూపాలంటే, మామూలు తరగతిలో ప్రవచనాలు ఒకవైపు, కారణాలు మరోవైపు రాసే పట్టికలో తరచు కొన్ని గళ్లు ముందే నింపి ఇస్తారు. ఆనర్స్‌లో శీర్షం నుంచి ఏ రేఖ గీయాలో, ఏ సర్వసమానత్వ నియమం వాడాలో విద్యార్థే తేల్చుకోవలసి రావచ్చు.

ఎనిమిదిలో ఆల్జీబ్రా 1 ముగిస్తే పన్నెండులో కాలిక్యులస్ అందుతుంది, మనవాళ్ల తొందరంతా అందుకే. నా దృష్టిలో మాత్రం, భిన్నాలతో కూడిన సమీకరణాన్ని తడబడకుండా సాధించలేని పిల్లలను లెక్కల్లో ఒక ఏడాది ముందుకు దూకించడం కంటే, ఆల్జీబ్రా 1 తొమ్మిదిలో చదివించి, ఆ తర్వాత జామెట్రీలో ఆనర్స్ తీసుకోనివ్వడం మేలు.