దూర ప్రయాణానికి కారు మాట్లాడుకుంటున్నారా? ముందు డ్రైవర్ నిద్ర సంగతి అడగండి

అమ్మానాన్నలను తీసుకుని 600 కిలోమీటర్ల దూరం వెళ్ళాలి, రాత్రి పదింటికి బయలుదేరితే తెల్లారేసరికి చేరతాం, పని చూసుకుని ఆ రాత్రికే వెనక్కి వచ్చేస్తే ఒక రోజు కలిసొస్తుంది, డ్రైవర్‌తో సహా కారు మాట్లాడుకునేటప్పుడు ఏమేం చూసుకోవాలి అని అడిగారు.

కారు సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ రాత్రి ప్రయాణం ఆలోచన మానుకోండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, సరిగ్గా ఇలాంటి ప్లానే నేనూ ఒకసారి వేశాను.

అమ్మకి ఆస్పత్రిలో పొద్దున తొమ్మిదింటికి అపాయింట్‌మెంట్. రాత్రంతా కార్లో పడుకుంటే సరిపోతుంది, లాడ్జి ఖర్చు కూడా మిగులుతుంది అనుకున్నాను. ట్రావెల్స్ వాళ్ళకి ఫోన్ చేస్తే డ్రైవర్ ఫ్రెష్‌గా ఉంటాడన్నారు. చెప్పిన టైమ్‌కి కారు వచ్చింది, శుభ్రంగా ఉంది. డ్రైవర్ పాతికేళ్ళ అబ్బాయి, మర్యాదస్తుడు. సామాను తనే డిక్కీలో సర్ది, అమ్మ కాళ్ళు చాపుకోవడానికి వీలుగా ముందు సీటు జరిపాడు. నాకు ఏ అనుమానమూ రాలేదు.

మూడున్నర ప్రాంతంలో మెలకువ వచ్చింది. చల్లగాలి ముఖానికి కొడుతోంది. ఏసీ నడుస్తున్నా అతను తన వైపు అద్దం దించేశాడు. ఎడం చేత్తో మెడ వెనక రుద్దుకుంటున్నాడు. కాసేపటికి ఆ చెయ్యి ఆగిపోయింది. చక్రాల కింద గరగరమని చప్పుడు, రోడ్డు అంచున తెల్ల గీత దగ్గర ఉబ్బెత్తుగా వేసే గీతల మీదికి కారు ఎక్కేసింది. "తమ్ముడూ!" అని అరిచాను. ఉలిక్కిపడి స్టీరింగ్ తిప్పాడు. "ఏం లేదక్కా, కళ్ళు కొంచెం మండుతున్నాయంతే" అన్నాడు. మెల్లగా అడిగితే తేలింది, ఆ సాయంత్రం ఆరున్నరకే ఇంకో ట్రిప్పు నుంచి వచ్చాడట. స్నానం చేసి, తిని, కారు తుడుచుకుని నేరుగా మా ఇంటికి వచ్చాడు. అంతకుముందు రాత్రి పడుకున్నది మూడు గంటలు. ఆఫీసులో చెప్పలేదా అంటే, చెప్తే ట్రిప్పు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారక్కా అన్నాడు.

పెట్రోల్ బంకులో లైట్ల కింద ఆపించాం. "పడుకో నాయనా, మేం ఎక్కడికీ పోం" అని అమ్మ తన శాలువా తీసి అతని మీద కప్పింది. సీటు వెనక్కి వాల్చీ వాల్చగానే నిద్రపోయాడు. గంటన్నర పాటు అమ్మా నేనూ ఆ బంకులో అటూ ఇటూ నడిచాం. ఆస్పత్రికి ఆలస్యంగానే వెళ్ళాం, ఏమీ కాలేదు, డాక్టరు చూశారు. తొమ్మిదింటికల్లా చేరిపోవాలన్న టెన్షన్‌లో ఎంత పెద్ద ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకున్నానో అప్పుడు అర్థమైంది.

తర్వాత దీని గురించి చదివాను. డాసన్, రీడ్ అనే పరిశోధకులు 1997లో నేచర్ పత్రికలో తమ ప్రయోగం వివరాలు ప్రచురించారు. 17 గంటలు ఏకధాటిగా మేలుకున్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నప్పటి స్థాయికి పడిపోతుంది. 24 గంటలైతే దాదాపు 0.10 శాతానికి సమానం. మీ ప్లానుకి ఈ లెక్క కట్టి చూడండి. పొద్దున ఆరింటికి లేచిన డ్రైవర్‌కి రాత్రి పదకొండుకల్లా 17 గంటలు నిండుతాయి. అంటే మీరు బయలుదేరిన గంటకే! పైగా రాత్రి రెండు నుంచి ఆరు వరకు ఒంటికి నిద్ర బాగా ముంచుకొచ్చే సమయం. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య కూడా ఒక కునుకు వేళ ఉంటుంది, అది దీనికంటే చిన్నది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో నాలుగు సెకన్లు కన్ను మూతపడితే కారు 110 మీటర్లకు పైగా వెళ్ళిపోతుంది. పాటలు పెట్టడం, అద్దం దించడం, కబుర్లు చెప్పడం ఇవన్నీ నాలుగు నిమిషాల మందులు. కాఫీ కూడా తాగగానే పనిచేయదు, దాదాపు అరగంట పడుతుంది. అందుకే కాఫీ తాగి వెంటనే పదిహేను, ఇరవై నిమిషాలు కునుకు తీయమంటారు. లేచేసరికి రెండూ కలిసి పనిచేస్తాయి. అదైనా దగ్గరలో పడుకునే చోటు దాకా చేరడానికే, రాత్రంతా నడపడానికి కాదు.

అప్పటి నుంచి నేను చేసే పని ఒకటుంది. బుకింగ్ అయ్యాక ఆఫీసు మాటతో వదిలేయకుండా, ముందు రోజే డ్రైవర్ నంబర్ తీసుకుని తనతోనే మాట్లాడతాను. "ఈ రోజు ఎక్కడున్నారు? ఇంటికి ఎన్నింటికి చేరతారు?" అని అడుగుతాను. విచారణ చేస్తున్నట్టు అడిగితే ఎవరూ నిజం చెప్పరు. "రేపు మాతో పెద్దవాళ్ళు ఉంటారు, మీరు బాగా పడుకుని రండి, ఒక గంట ఆలస్యంగా బయలుదేరినా మాకు ఇబ్బంది లేదు" అంటే గొంతులోనే తేడా తెలిసిపోతుంది. ఒకసారి అవతలి వ్యక్తి "నిజానికి రాత్రి పన్నెండుకి గానీ ఇంటికి చేరనండీ" అన్నాడు. అయిదింటి ప్రయాణాన్ని ఎనిమిదింటికి మార్చుకున్నాం.

రెండోది, రాత్రి ఆగినచోట డ్రైవర్ ఎక్కడ పడుకుంటాడు? దీని గురించి ఎవరూ అడగరు. మనం లాడ్జి గదిలో పడుకుంటాం, అతను పార్కింగ్‌లో సీటు వాల్చుకుని, దోమలకి అద్దాలెత్తుకుని, ఉక్కపోతకి మళ్ళీ దించుకుని తెల్లారుస్తాడు. ఆ మనిషే మర్నాడు మన పిల్లల్నీ పెద్దవాళ్ళనీ కూర్చోబెట్టుకుని నడపాలి. గది బుక్ చేసేటప్పుడే డ్రైవర్లకు పడుకునే చోటు ఉందా అని అడగండి. లేకపోతే ఒక మంచానికి మీరే డబ్బు కట్టండి. బత్తా ఇస్తున్నాం కదా అనుకోకండి, చాలామంది ఆ బత్తా మిగుల్చుకుని ఇంటికి పంపాలనే చూస్తారు. వాళ్ళని తప్పు పట్టలేం. విడిగా ఏర్పాటు చేస్తేనే పడుకుంటారు.

దారిలో రెండు గంటలకోసారి ఆపించండి. యూరోపియన్ యూనియన్‌లో లారీ, బస్సు డ్రైవర్లు నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆపాలని చట్టమే ఉంది. పెద్దవాళ్ళకి కూడా మంచిది, గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. దిగి పది నిమిషాలు నడవమనండి. కార్లో వాంతి వచ్చేవాళ్ళుంటే ముందు సీట్లో కూర్చోబెట్టి, ఫోన్ చూడకుండా దూరంగా రోడ్డు వైపు చూడమనండి.

ఇక డబ్బు. కిలోమీటర్ రేటు ఒక్కటే చూసి చవక అనుకుంటే తర్వాత గొడవే. రోజుకి కనీసం ఇన్ని కిలోమీటర్లు అని కడతారు, అంత తిరక్కపోయినా ఇవ్వాలి. రోజు అంటే 24 గంటలా, క్యాలెండర్ తేదీయా అని తప్పకుండా అడగండి. తేదీ లెక్కయితే రాత్రి పదింటికి బయలుదేరినా ఆ రెండు గంటలకే ఒక రోజు పడిపోతుంది, కాబట్టి మీరనుకున్నట్టు రోజు కలిసిరాదు. మీటర్ మీ ఇంటి దగ్గర మొదలవుతుందా, వాళ్ళ షెడ్డు దగ్గరా? వన్‌వే అయితే బండి ఖాళీగా తిరిగి వెళ్ళే ఖర్చు ఎవరిది? టోలు, పార్కింగు, సరిహద్దు పన్ను, నైట్ చార్జీ రేటులో కలిసి ఉన్నాయా? ఇవన్నీ మెసేజ్‌లో రాయించుకోండి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మీటర్ రీడింగ్‌ని డ్రైవర్ ముందే ఫోటో తీయండి, అతనికీ అది రక్షణే.

కారు విషయానికి వస్తే, వెనక సీటు బెల్టులు చూడండి. చాలా కార్లలో కొత్త సీటు కవర్లు వేసేటప్పుడు బకిల్స్ కిందికి నొక్కేస్తారు. మా ప్రయాణంలో ఒకసారి కవర్ కిందికి వేళ్ళు పెట్టి లాగితే, మూడింటిలో ఒకటి మాత్రమే బయటికొచ్చింది. మిగతావి తీయించేదాకా బయలుదేరలేదు. వెనక కూర్చున్నవాళ్ళు బెల్టు లేకపోతే, ఢీకొన్నప్పుడు ముందు సీటు వాళ్ళ మీదికి వచ్చి పడతారు. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. గ్రిప్ బాగానే కనిపించినా పదేళ్ళు దాటిన టైరైతే ఆ బండి వద్దనండి. స్టెప్నీలో గాలి, జాకీ ఉన్నాయా చూడండి. ఏడు సీట్ల బండిలో ఏడుగురూ కూర్చుంటే డిక్కీలో దాదాపు చోటుండదు, పెట్టెలెన్నో ముందే చెప్పండి. అద్దెకు తిప్పే పర్మిట్ ఉన్న బండే తీసుకోండి. సొంత వాడకానికి రిజిస్టరైన బండి అద్దెకు తిరుగుతూ ప్రమాదానికి గురైతే, బీమా కంపెనీ పరిహారం ఇవ్వనని అనొచ్చు.

మీ ప్రయాణం నన్ను వేయమంటే ఇలా వేస్తాను. పొద్దున ఆరింటికి బయలుదేరండి. ఆగుతూ వెళ్ళినా సాయంత్రానికి చేరతారు. రాత్రి అందరూ, డ్రైవర్‌తో సహా, నిద్రపోండి. మర్నాడు పొద్దున పని చూసుకోండి. మధ్యాహ్నం పన్నెండులోపు పని అయిపోయినా అదే రోజు 600 కిలోమీటర్లు వెనక్కి లాగకండి, చీకటి పడేలోపు సగం దూరం వచ్చి ఎక్కడైనా ఆగండి. గది ఖర్చు ఒకటి పెరుగుతుంది. బుక్ చేసేటప్పుడే మూడు రోజుల ట్రిప్పు అని చెప్పండి, రెండు రోజులని చెప్పి మధ్యలో పొడిగిస్తే ఆ డ్రైవర్‌కి మూడో రోజు పొద్దున్నే ఇంకో ట్రిప్పు ఒప్పుకుని ఉండొచ్చు.